ఊపిరితిత్తిలో నెత్తురుగడ్డ: ప్రాణాపాయమును లెక్కగట్టుట ఎట్లు?

వేలు తెగినప్పుడు నెత్తురు కొంతసేపు కారి, తరువాత తనంతట తానే ఆగిపోవును. గాయము వద్ద రక్తము గడ్డకట్టుటయే దీనికి కారణము. ఈ గుణమే లేకున్నచో చిన్న గీరుడు కూడ ప్రాణమునకు ముప్పు తెచ్చును. కాని మేలుచేయు ఈ గుణమే చోటు తప్పి పనిచేసినచో కీడగును. గాయము లేనిచోట, నాళము లోపలనే రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊడి, ప్రవాహములో కొట్టుకొనిపోయి, ఊపిరితిత్తికి రక్తమును కొనిపోవు నాళములో అడ్డుపడవచ్చును. అప్పుడు ఒక రోగి నిమిషములలో మరణించును. మరొక రోగి కొద్దిపాటి ఆయాసముతో బయటపడును. జబ్బు పేరు ఒకటే, ఫలితము మాత్రము వేరు.

ఈ ఇద్దరిలో ఎవరికి అపాయము ఎక్కువో ముందుగా తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు వైద్యులు కనుగొన్న సమాధానములలో ఒకటి కేవలము కూడికలెక్క. హైస్కూలు విద్యార్థి రెండు నిమిషములలో చేయగలిగినది. ఆ లెక్క ఎట్లు పుట్టినదో, ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో ఈ వ్యాసమున చూతము.

గడ్డ పయనము

మన కాళ్ళలో చర్మమునకు దగ్గరగా కొన్ని సిరలు, కండరముల నడుమ లోతుగా కొన్ని సిరలు కలవు. గుండెనుండి దిగివచ్చిన రక్తము మరల పైకి పోవుటకు ఇవే దారులు. నిలుచున్న మనిషిలో రక్తము భూమ్యాకర్షణకు ఎదురుగా ఎక్కవలెను గదా! నడచునపుడు పిక్కకండరము బిగిసి సిరలను పిండి, రక్తమును పైకి తోయును. సిరలలోని కవాటములు దానిని తిరిగి క్రిందికి జారనీయవు. మనిషి జబ్బుతో మంచము పట్టినపుడు, శస్త్రచికిత్స అయి కదలలేనపుడు, గంటలతరబడి కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండినపుడు ఈ పంపు సరిగా పనిచేయదు. అప్పుడు లోతుసిరలలో గడ్డ పేరుకొనుటకు వీలు కలుగును.

అట్టి గడ్డ ఊడినచో ఎచటికి పోవును? దీనికి నదిని తలచుకొనిన చాలును. ఉపనదులు కలిసినకొలది గోదావరి వెడల్పగును. ధవళేశ్వరము దాటిన తరువాత పాయలుగా చీలి, కాలువలై, పిల్లకాలువలై సన్నబడును. ఎగువను నీటిలో పడిన దుంగ వెడల్పైన నదిలో ఎక్కడను తగులుకొనదు. సన్నని కాలువలోనికి వచ్చినపుడే అడ్డుపడును. మన దేహములోను అంతే. పిక్కలోని సిర తొడసిరలో కలియును. తొడసిరలు మహాసిరలో కలియును. మహాసిర గుండెయొక్క కుడి కర్ణికలోనికి, అచటినుండి రక్తము కుడి జఠరికలోనికి పోవును. దారి పొడుగునను వెడల్పే. కుడి జఠరికనుండి బయలుదేరిన పుపుస ధమని మాత్రము ఊపిరితిత్తులలో కొమ్మలుగా, రెమ్మలుగా చీలి సన్నబడును. కనుక కాలిలో పుట్టిన గడ్డకు మొదటి ఇరుకుదారి ఊపిరితిత్తియే.

ఈ సంగతిని తేటతెల్లము చేసినవాడు జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో. 1846 ప్రాంతమున బెర్లినులో శవపరీక్షలు చేయుచు, ఊపిరితిత్తులలో కనబడు గడ్డలు పెక్కు అక్కడ పుట్టినవి కావనియు, దూరపు సిరలనుండి కొట్టుకొని వచ్చినవనియు ఆయన గ్రహించెను. ఊహతో ఊరుకొనక, కుక్కల మెడసిరలో చిన్న వస్తువులను ప్రవేశపెట్టి, అవి పుపుస ధమనిలో తేలుటను కనులార చూచెను. గడ్డకట్టుటను సూచించు ‘త్రాంబోసిస్’, అది కొట్టుకొనిపోయి మరొకచోట అడ్డుపడుటను సూచించు ‘ఎంబాలిజం’ అను మాటలను వైద్యములో స్థిరపరచినవాడును ఆయనయే. రక్తము నిలిచిపోవుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తమునకు గడ్డకట్టు స్వభావము హెచ్చుట అను మూడు కారణములను నేటికిని ‘విర్కో త్రయము’ అందురు.

మొదటి కారణమునకు 1940లో లండను నగరము ఒక విషాదకరమైన నిదర్శనము చూపెను. బాంబుల భయమున ప్రజలు రాత్రులెల్ల ఆశ్రయములలో పడకకుర్చీలపై కూర్చుండి గడిపిరి. బాంబు తగలకయే, ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడి, కొందరు హఠాత్తుగా మరణించుచుండిరి. శవపరీక్షలు చేసిన కీత్ సింప్సన్ అను వైద్యుడు ఆ ఏటనే ఈ సంగతిని ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ప్రకటించెను. కుర్చీ అంచు తొడ క్రింద ఒత్తుట, గంటలకొలది కదలకుండుట, ఈ రెండును కలిసి గడ్డకు దారితీసినవి.

గుండె ఎందుకు ఓడిపోవును?

ఊపిరితిత్తిలో అడ్డు ఏర్పడిన, చచ్చునది ఊపిరి ఆడక అని చాలమంది తలంతురు. ఎక్కువ మందిలో అసలు ఓడిపోవునది గుండె, అందులోను కుడి జఠరిక. ఎడమ జఠరిక దేహమంతటికిని రక్తము తోయవలెను కనుక దాని గోడ దళసరి. కుడి జఠరిక ప్రక్కనేయున్న ఊపిరితిత్తులకు మాత్రము తోయును. పుపుస ధమనిలో సగటు ఒత్తిడి మామూలుగా సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసమే. కనుక దాని గోడ పలుచన. హఠాత్తుగా దారి మూసికొనినచో ఆ ఒత్తిడి పెరుగును. కాని అలవాటు లేని కుడి జఠరిక సగటున 40 మిల్లీమీటర్లకు మించిన ఒత్తిడిని పుట్టింపజాలదు. అది ఉబ్బి సాగిపోవును. నడిమి గోడ ఎడమ ప్రక్కకు వంగును. ఎడమ జఠరికకు వచ్చు రక్తము తగ్గును. దానివలన రక్తపు పోటు పడిపోవును. పోటు పడిపోయినచో గుండె కండరమునకే రక్తము చాలదు. అప్పుడు కుడి జఠరిక ఇంకను బలహీనపడును. ఇదియొక విషవలయము.

ఈ వలయములో చిక్కుకొనకుండ దేహము చేయు మొదటి ఉపాయము నాడి వేగమును పెంచుట. లెక్క వేసి చూడుడు. గుండె ఒక్క కొట్టుకు 70 మిల్లీలీటర్ల రక్తమును తోయుచు నిమిషమునకు 72 మార్లు కొట్టుకొనినచో, నిమిషమునకు 5,040 మిల్లీలీటర్లు, అనగా సుమారు 5 లీటర్లు అగును. ఒక్కొక్క కొట్టుకు వచ్చునది 45 మిల్లీలీటర్లకు తగ్గినదనుకొందము. అదే 5 లీటర్లు పంపవలెనన్న నాడి 111 కావలెను. కనుక పడుకొనియున్న రోగి నాడి 110 దాటినదనగా గుండె తన నిలువధనమును ఖర్చుపెట్టుచున్నదని అర్థము. శ్వాస వడిగా ఆడుట, రక్తములో ఆమ్లజని తగ్గుట, ఒడలు చల్లబడుట, మెదడుకు రక్తము చాలక మతి తప్పుట, ఇవన్నియు ఆ పోరాటములోని వేర్వేరు ఘట్టముల గుర్తులు. ఈ గుర్తులనే లెక్కలోనికి తెచ్చిన శాస్త్రజ్ఞుల పనిని ముందు చూడగలము.

మందు వచ్చెను, ప్రశ్న మారెను

1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థి జే మెక్లీన్, ఆచార్య విలియం హోవెల్ ప్రయోగశాలలో పనిచేయుచు, రక్తమును గడ్డకట్టనీయని పదార్థమును చూచెను. అట్టి పదార్థమునకే హోవెల్ 1918లో ‘హెపారిన్’ అని పేరిడెను. గ్రీకు భాషలో ‘హెపార్’ అనగా కాలేయము. హెపారిన్ ఉన్న గడ్డను కరిగింపదు. క్రొత్త గడ్డ పుట్టకుండ, ఉన్నది పెరుగకుండ కాపలా కాయును. ఉన్నదానిని దేహమే మెల్లగా కరిగించుకొనును.

ఈ మందు నిజముగా ప్రాణము నిలుపునా? ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున బారిట్, జోర్డన్ అను వైద్యులు దీనిని పరీక్షించి 1960లో ఫలితములు ప్రకటించిరి. రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించిరి. మందు ఇయ్యని 19 మందిలో ఐదుగురు ఊపిరితిత్తిలోని గడ్డవలననే మరణించిరి. మరి ఐదుగురికి ప్రాణము దక్కినను గడ్డలు తిరిగి వచ్చినవి. మందు ఇచ్చిన 16 మందిలో ఒక్కరును గడ్డవలన మరణింపలేదు. ఇంత తేడా కనబడిన తరువాత మందు ఇయ్యకుండుట న్యాయము కాదని పరీక్షను అంతటితో ఆపిరి.

ప్రతి రోగికిని మందు ఇయ్యవలెనని తేలినది. కాని దానితో మరి రెండు ప్రశ్నలు పుట్టినవి. మొదటిది: గడ్డను కరిగించు బలమైన మందులను ఎవరికి ఇయ్యవలెను? ఈ మందులు ఊపిరితిత్తిలోని గడ్డకును, మెదడులో రక్తస్రావమును ఆపుచున్న గడ్డకును భేదము చూడవు. 2014లో వెలువడిన ‘పెయ్థో’ అను పరీక్షలో, రక్తపు పోటు నిలకడగా ఉండి కుడి జఠరిక మాత్రము దెబ్బతిన్న వేయిమంది రోగులను పరిశీలించిరి. ఏడు రోజులలో మరణము గాని, రక్తప్రసారము కుప్పకూలుట గాని హెపారిన్ మాత్రమే పొందినవారిలో నూటికి 5.6 మందికి కలిగెను. కరిగించు మందు కూడ పొందినవారిలో అది 2.6కు తగ్గెను. కాని మెదడులో రక్తస్రావము నూటికి 0.2 నుండి 2.0కు పెరిగెను. ఒక చేత ఇచ్చినదానిని మరొక చేత తీసికొనినట్లయ్యెను. రెండవ ప్రశ్న: అపాయము తక్కువగా నున్నవారిని ఆసుపత్రిలో ఉంచుట అవసరమా? ఇంటికి పంపి మందు వాడించరాదా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పవలెనన్న, ముందుగా రోగి అపాయమెంతో కొలువవలెను.

పదునొకండు ప్రశ్నలు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 186 ఆసుపత్రులలో ఈ జబ్బుతో చేరిన 15,531 మంది రోగుల వివరములను ద్రాహోమిర్ ఔయెస్కీయు ఆయన సహచరులును పరిశీలించి, 2005లో ఒక సూచికను ప్రకటించిరి. దాని పేరు ‘పల్మనరీ ఎంబాలిజం సివియారిటీ ఇండెక్స్’. వైద్యులు పొడి అక్షరములతో ‘పెసీ’ అందురు. ఇందులో రక్తపరీక్ష లేదు, ఖరీదైన యంత్రము లేదు. మంచము ప్రక్కన నిలిచి తెలిసికొనగల పదునొకండు సంగతులు మాత్రమే కలవు. వానికి మార్కులు ఇట్లు వేయుదురు:

వయస్సు: ఏడాదికి 1
పురుషుడు: 10
కాన్సరు: 30
గుండె వైఫల్యము: 10
దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు: 10
నాడి నిమిషమునకు 110 లేక అంతకు మించి: 20
రక్తపు పోటులో పై అంకె 100కు తక్కువ: 30
శ్వాస నిమిషమునకు 30 లేక అంతకు మించి: 20
దేహోష్ణత 36 సెంటీగ్రేడు డిగ్రీలకు తక్కువ: 20
మతి స్థిమితము తప్పుట: 60
రక్తములో ఆమ్లజని నూటికి 90కి తక్కువ: 20

మొత్తము 65 వరకు ఒకటవ తరగతి. 66 నుండి 85 వరకు రెండవది. 86 నుండి 105 వరకు మూడవది. 106 నుండి 125 వరకు నాలుగవది. 125 దాటిన ఐదవది. మొదటి రెండు తరగతులవారికి అపాయము తక్కువ అందురు.

ఇద్దరు కల్పిత రోగులను తీసికొందము. మొదటిది 34 ఏండ్ల స్త్రీ. వేరు జబ్బులు లేవు. నాడి 96, పోటు 118, ఆమ్లజని 95. ఆమె వయస్సు తప్ప మరే మార్కులును లేవు కనుక మొత్తము 34, ఒకటవ తరగతి. రెండవవాడు 67 ఏండ్ల పురుషుడు. గుండె వైఫల్యము కలదు. నాడి 118, ఆమ్లజని 86. వయస్సు 67, పురుషుడు కనుక 10, గుండెకు 10, నాడికి 20, ఆమ్లజనికి 20. మొత్తము 127, ఐదవ తరగతి.

ఈ లెక్కలో ఆమ్లజనిని చూపు వ్రేలిగొట్టమును, అనగా పల్స్ ఆక్సీమీటరును, పాఠకులు చాలమంది 2020, 2021 సంవత్సరములలో కరోనా కాలమున చూచియేయుందురు. వ్రేలి గుండ పోవు కాంతిలో నాడితోపాటు మారు భాగమును బట్టి ఆమ్లజనిని కొలుచు ఈ సూత్రమును జపాను ఇంజినీరు తకువో అవోయాగీ 1974లో ప్రకటించెను. అంతకుముందు ఈ ఒక్క అంకె కొరకు ధమనినుండి రక్తము తీయవలసి యుండెను.

మార్కులు ఎక్కడనుండి వచ్చినవి?

కాన్సరుకు 30 అని, మతి తప్పుటకు 60 అని ఎవరు నిర్ణయించిరి? వైద్యులు కూర్చుండి ఊహించినవి కావు. రోగుల లెక్కలే వానిని నిర్ణయించినవి. వయస్సుతో పోల్చిన వాని అర్థము తెలియును. ఒక ఏడాదికి 1 మార్కు కదా! కనుక కాన్సరు ఉండుట, ఈ జబ్బు విషయమున, 30 ఏండ్ల వయస్సు మీదపడుటతో సమానము. మతి తప్పుట 60 ఏండ్లతో సమానము.

ఇందుకు వాడిన గణితమును లాజిస్టిక్ పద్ధతి అందురు. మార్కులు పెరిగినకొలది అపాయము సరళరేఖవలె పెరుగునని అనుకొనినచో చిక్కు వచ్చును. కొంత దూరము పోయిన తరువాత నూటికి 120 మంది మరణింతురని రేఖ చెప్పును! అది అసంభవము. కనుక నూటికి ఇంతమంది అని కాక, మరణించువారు ఇందరు, బ్రతుకువారు ఇందరు అను నిష్పత్తిని తీసికొందురు. మార్కులు కూడినపుడెల్ల ఈ నిష్పత్తి గుణింపబడును.

అర్థమగుటకై ప్రతి 30 మార్కులకును నిష్పత్తి రెండింతలగునని ఊహింతము. మొదట 1 : 99 అనుకొనుడు. ఇది నూటికి 1. 30 మార్కులు చేరిన 2 : 99, అనగా నూటికి సుమారు 2. మరి 30 చేరిన 4 : 99, నూటికి 3.9. తరువాత 8 : 99, నూటికి 7.5. తరువాత 16 : 99, నూటికి 13.9. నిష్పత్తి ఎంత పెరిగినను నూటికి నూరు దాటదు. గీచి చూచినచో సాగదీసిన ‘ఎస్’ ఆకారపు వక్రరేఖ వచ్చును. బెల్జియం గణితజ్ఞుడు వెర్హుల్స్ట్ 1838లో జనాభా పెరుగుదలను గూర్చి వ్రాయుచు దీనిని కనుగొనెను. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948లో మొదలైన గుండెజబ్బుల పరిశోధనలో దీనిని వాడిన తరువాత వైద్యమున బాగుగా వ్యాపించెను.

ఇట్టి లెక్కలలో క్రొత్త అంశమును చేర్చదగునా, చేర్చదగదా అని పరీక్షించుటకు ప్రసిద్ధమైన మూడు పద్ధతులు కలవు. వానిలో ఒకటైన ‘స్కోరు పరీక్ష’ను 1948లో ప్రకటించినవారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు. శుద్ధ గణితముగా పుట్టినది ఆసుపత్రి మంచము వరకు ఎట్లు వచ్చునో దీనినిబట్టి తెలియును.

లెక్కకు పరీక్ష

విద్యార్థి ఇంటివద్ద చేసిన లెక్కలనే పరీక్షలో ఇచ్చినచో అతనికి లెక్కలు వచ్చునో, జవాబులు కంఠతా వచ్చునో తెలియదు. క్రొత్త లెక్కలు ఇయ్యవలెను. సూచికకును ఇదే నియమము. పెన్సిల్వేనియా రోగులలో 10,354 మంది వివరములతో మార్కులు తయారుచేసి, మిగిలిన 5,177 మందిని విడిగా ఉంచి, వారిపై ఆ మార్కులను పరీక్షించిరి. తరువాత ఇతర రోగులపైనను సరిచూచిరి.

పరీక్షలో రెండు సంగతులు చూతురు. మరణించినవారికి ఎక్కువ మార్కులు, బ్రతికినవారికి తక్కువ మార్కులు వచ్చినవా అనునది మొదటిది. నూటికి ఐదుగురు అని చెప్పిన గుంపులో నిజముగా ఐదుగురే మరణించిరా అనునది రెండవది. ఒకటి ఉండి రెండవది లేకపోవచ్చును. పదినిమిషములు ముందు నడచు గడియారము ఏది ముందో ఏది వెనుకయో సరిగానే చెప్పును. కాని రైలు అందించుటకు దానిని నమ్మరాదు.

ముప్పది దినములలో మరణించినవారి సంఖ్య వేర్వేరు రోగిసమూహములలో ఇట్లు తేలెను: ఒకటవ తరగతిలో నూటికి 0 నుండి 1.6 వరకు, రెండవదానిలో 1.7 నుండి 3.5 వరకు, మూడవదానిలో 3.2 నుండి 7.1 వరకు, నాలుగవదానిలో 4.0 నుండి 11.4 వరకు, ఐదవదానిలో 10.0 నుండి 24.5 వరకు. మెట్లు క్రమముగానే ఉన్నవి. కాని పై తరగతులలో అంకెల ఎడము ఎంత హెచ్చుగా ఉన్నదో గమనింపుడు. ఒకచోట కట్టిన లెక్క మరొకచోట ఎంతవరకు సరిపోవునో అక్కడి రోగులతో సరిచూచుకొనవలసినదే.

పదునొకండు అంశములు, వేర్వేరు మార్కులు గుర్తుంచుకొనుట రాత్రివేళ పనిచేయు వైద్యునికి కష్టము. కనుక 2010లో మాడ్రిడ్ నగరమున డేవిడ్ హిమెనెజ్ బృందము దీనిని క్లుప్తపరచెను. వయస్సు 80 దాటుట, కాన్సరు, దీర్ఘకాలపు గుండె లేక ఊపిరితిత్తుల జబ్బు, నాడి 110 లేక ఎక్కువ, పోటు 100కు తక్కువ, ఆమ్లజని 90కి తక్కువ. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మార్కు. ఏదియు లేనివారిలో 30 దినముల మరణములు నూటికి 1.0. ఒక్కటియైనను ఉన్నవారిలో నూటికి 10.9. వారి రోగులలో నూటికి 30 మందికి సున్న మార్కులు వచ్చినవి.

ఇంటికి పంపవచ్చునా?

అంకెలు బాగుగా ఉన్నవని రోగిని ఇంటికి పంపుట సాహసమే. దానిని కూడ పరీక్షింపవలెను గదా! స్విట్జర్లండు, ఫ్రాన్సు, బెల్జియం, అమెరికా దేశములలోని 19 ఆసుపత్రులలో ఒకటి రెండు తరగతులకు చెందిన 344 మందిని తీసికొని, కొందరిని త్వరగా ఇంటికి పంపిరి, కొందరిని ఆసుపత్రిలోనే ఉంచిరి. 2011లో ఫలితములు వెలువడెను. 90 దినములలో ఒక్కొక్క జట్టులో ఒక్కొక్కరు మరణించిరి. ఇంటికి వెళ్ళినవారిలో ఒక్కరికి గడ్డ తిరిగి వచ్చెను. మొత్తముమీద ఇంటి చికిత్స ఆసుపత్రి చికిత్సకు తీసిపోలేదు. కాని పెద్ద రక్తస్రావము ఇంటి జట్టులో ముగ్గురికి కలిగెను, ఆసుపత్రి జట్టులో ఎవరికిని కలుగలేదు. పెసీ మరణమును అంచనా వేయుటకు కట్టిన సూచిక. మందువలన కలుగు రక్తస్రావమును అంచనా వేయుట దాని పని కాదు. ఆ సంగతిని వైద్యుడు వేరుగా విచారింపవలెను. ఇంటివద్ద చూచుకొనువారు కలరా, మందు సరిగా వాడగలరా, అవసరమైన వెంటనే ఆసుపత్రికి రాగలరా అనునవి కూడ ఏ మార్కులలోను లేవు.

లెక్క చెప్పనిది

ఇప్పుడు ఒక చిక్కు లెక్క చూతము. 20 ఏండ్ల యువతి. పోటు 84కు పడిపోయినది, నాడి 130. మార్కులు: వయస్సు 20, పోటుకు 30, నాడికి 20. మొత్తము 70, రెండవ తరగతి, అపాయము తక్కువ! కాని ఆమె విషవలయములో సగము దిగియున్నది. గంటలు కాదు, నిమిషములు ముఖ్యము. ఇంకొక ప్రక్క 80 ఏండ్ల వృద్ధుడు. ఏ జబ్బును లేదు. చిన్న గడ్డ, నాడి 78, పోటు 130. అయినను 80 కి 10 కలిపిన 90, మూడవ తరగతి. క్లుప్తసూచికలో ఈయనకు సున్న, యువతికి రెండు మార్కులు! రెండు సూచికలును ఇద్దరిని గూర్చి ఎదురెదురుగా చెప్పుచున్నవి.

లెక్క తప్పా? తప్పు కాదు. పెసీ కొలుచునది ఏ కారణముచేతనైనను 30 దినములలో మరణించు సంభావ్యతను. వయస్సువలనను కాన్సరువలనను మరణించువారు కూడ అందులో కలరు. కనుక మార్కులు ఎక్కువ అయినంతమాత్రమున గడ్డను కరిగించు మందు ఇయ్యవలెనని కాదు. గడ్డ పెద్దదగుటవలన హెచ్చిన మార్కులు వేరు, ఈడు మీరుటవలన హెచ్చిన మార్కులు వేరు. ఇక యువతివంటి రోగులు వేలమందిలో కొద్దిమందియే. సగటుమీద కట్టిన లెక్కలో వారి గొంతు వినబడదు.

అందువలననే ఐరోపా హృద్రోగశాస్త్ర సంఘము 2019లో ఇచ్చిన సూచనలలో మొదటి ప్రశ్న మార్కులను గూర్చినది కాదు. రక్తప్రసారము నిలకడగా ఉన్నదా అనునదే. పోటు 90కి తక్కువగా నిలిచిపోయి అవయవములకు రక్తము చాలనిచో మార్కులతో నిమిత్తము లేక అది తీవ్రాపాయమే. ఆ యువతివంటి రోగికి గడ్డను కరిగించు చికిత్సను వెంటనే ఆలోచింతురు. పోటు నిలకడగా ఉన్నవారికే సూచిక. దానితోపాటు కుడి జఠరిక ఉబ్బినదా అని ప్రతిధ్వని చిత్రములోనో, సి.టి. చిత్రములోనో చూతురు. గుండెకండరము దెబ్బతిన్నపుడు రక్తములో హెచ్చు ‘ట్రోపోనిన్’ను కూడ కొలుతురు. మార్కులు తక్కువయైనను జఠరిక ఉబ్బియున్నచో ఆ రోగిని ఇంటికి పంపరు.

మరొక మాట. నూటికి పదిమంది అనునది గుంపును గూర్చిన మాట. ఏ ఒక్క రోగియు నూటికి పదివంతులు మరణింపడు. బ్రతుకును లేక మరణించును. 127 మార్కులు వచ్చిన మన కల్పిత రోగి ఉన్నది ఐదవ తరగతిలో, అన్నిటికంటె చెడ్డదానిలో. అయినను ఆ తరగతివారిలో నూటికి 75 మందికి పైగా నెల దాటి బ్రతికిరని అవే అంకెలు చెప్పుచున్నవి. ఈ అంకెను తలరాతగా చదువరాదు. ఎవరి మంచము ప్రక్కన నర్సు తరచు నిలువవలెను, ఎవరి పోటును గంటగంటకు చూడవలెను, ఎవరు ఇంటికి వెళ్ళి తమ వారి మధ్య కోలుకొనవచ్చును అని ఏర్పరచుటకే ఈ లెక్క.

ఉపాధ్యాయులకును విద్యార్థులకును

గణితపు తరగతిలో ఈ పట్టికను నల్లబల్లపై వ్రాసి, పది కల్పిత రోగులను ఇచ్చి మార్కులు వేయింపవచ్చును. రెండు సూచికలును ఎచట ఏకీభవించునో, ఎచట విభేదించునో విద్యార్థులచేతనే కనిపెట్టించిన, సగటుకును వ్యక్తికిని గల భేదము వారికి బాగుగా మనస్సుకు పట్టును. 79 ఏండ్లవానికి 81 ఏండ్లవానికి క్లుప్తసూచికలో ఎంత తేడా, పెసీలో ఎంత తేడా అని అడిగిన, హద్దులు గీచి కొలుచుటలోని లాభమును నష్టమును వారే చెప్పగలరు.

ఆరోగ్యపాఠములో చెప్పవలసినది ఇంకను సులభము. దూరప్రయాణములలో మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయవలెను. లేవ వీలుకానిచో పాదములను పైకి క్రిందికి ఆడించినను పిక్కపంపు పనిచేయును. శస్త్రచికిత్స తరువాత వైద్యుడు నడువుమన్నప్పుడు నొప్పికి జడిసి పడుకొనరాదు. ఒక కాలు మాత్రము వాచి నొప్పి పుట్టినను, ఉన్నట్టుండి ఆయాసము గాని, శ్వాస తీయునపుడు రొమ్ములో పోటు గాని, దగ్గులో నెత్తురు గాని, స్పృహ తప్పుట గాని కలిగినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మార్కులు వేయుట వైద్యుని పని. వేళకు ఆయన యొద్దకు చేరుట మన పని.